మూడు షిఫ్టుల ఇంట్లో ఒకటే ఉదయం

పవర్ హౌస్‌లో తెల్లవారేది ఆరు గంటల షిఫ్టుతోనే. ఐదున్నర నుంచే రోడ్ల మీద మోటార్‌సైకిళ్లు, హ్యాండిల్‌కు వేలాడే టిఫిన్ డబ్బాలు. ఫస్ట్ షిఫ్టు వాళ్లు ప్లాంటు వైపు వెళ్తారు. కాసేపటికి నైట్ షిఫ్టు ముగించుకున్న వాళ్లు ఎర్రబడ్డ కళ్లతో ఎదురొస్తారు. జనవరిలో అయితే ఈ రద్దీలో సగం చీకట్లోనే జరిగిపోతుంది. అప్పుడు సూర్యుడు రావడానికి దాదాపు ఆరు ముప్పావు అవుతుంది మరి.

1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కొలిమికి ఒక లక్షణం ఉంది. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి మండుతూనే ఉండాలి. రాత్రి ఆర్పేసి పొద్దున్నే మళ్లీ రాజేసే పొయ్యి కాదది. అందుకే మూడు షిఫ్టులు: ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి మళ్లీ ఆరు. ఆ కొలిమి రాసిన టైమ్‌టేబుల్ అరవై ఏళ్లు దాటినా ఈ ఊళ్లో పాలవాడికీ, పోహా బండికీ, బడి ఆటోకూ వర్తిస్తోంది. నిద్ర చాలని యూకేజీ పిల్లకు కూడా.

ఇక్కడి క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో, పవర్ హౌస్ సందుల్లో తెలుగువాళ్లు తక్కువేం లేరు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్లు. ఇప్పుడు మూడో తరం బడికి వెళ్తోంది. ఆ పిల్లలకు వీధిలో హిందీ, ఆటల్లో ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు. తెలుగుకు మిగిలింది ఇల్లు. ఇంట్లోనూ సాయంత్రాలు ట్యూషన్లవీ, ఫోన్లవీ. పెద్దవాళ్లూ పిల్లలూ తప్పనిసరిగా ఒకరి మొహం ఒకరు చూసుకునేది పొద్దుటి ఆ ఒక్క గంటలోనే.

ఆ గంటలో వాళ్ల చెవిన పడే తెలుగు ఏమిటి? లే. పళ్లు తోముకో. నీళ్లు పోసుకో. తిను. తొందరగా తిను. సాక్సులు వేసుకో. ప్రశ్న అంటూ ఒకటి ఉంటే అది ‘ఇంకా కాలేదా?’ మాత్రమే. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదని సెక్టర్-5 బాలాజీ గుడి దగ్గర కలిసినప్పుడల్లా పెద్దవాళ్లు వాపోతుంటారు. ఎలా వస్తుంది? ఆజ్ఞకు జవాబు అక్కర్లేదు. పని చేస్తే చాలు. మనం ఇరవై నాలుగు గంటల్లో ఒక్క గంట తెలుగు మాట్లాడి, అందులోనూ క్రియాపదాలకు ‘చెయ్యి’, ‘వద్దు’ అన్న రూపాలే వాడితే పిల్లలు వాటినే నేర్చుకుంటారు.

పిల్లలున్న ఇంట్లో పొద్దుటి పనులకు ఒక క్రమం ఉండాలని అందరూ చెప్పేదే. సాధారణంగా టైమ్ ఆదా కోసమని చెబుతారు. నా లెక్కలో అది రెండో లాభం. మొదటిది ఆజ్ఞలు తగ్గడం. ఏ పని తర్వాత ఏ పనో పిల్లకే తెలిసిపోతే మనం అరవాల్సిన మాటలు సగం రాలిపోతాయి. ఖాళీ అయిన ఆ చోటులో మాట్లాడుకోవచ్చు. ఇది పవర్ హౌస్‌లోనే కాదు, సూరత్‌లో అయినా షోలాపూర్‌లో అయినా అంతే. షిఫ్టుల ఊళ్లో కాస్త ఎక్కువ అవసరం, అంతే తేడా.

అయితే పత్రికల్లో కనిపించే తరహా పట్టికలు ఇక్కడ పనికిరావు. ‘6:15 లేవడం, 6:20 బ్రషింగ్, 6:30 స్నానం’ అని రాసి ఫ్రిజ్‌కు అంటించిన ఇళ్లు చాలా చూశాను. వాటి ఆయుష్షు వారం. నాలుగేళ్ల పిల్లాడికి గడియారం గోడ మీద తిరిగే బొమ్మ. 6:20 అంటే వాడికేమీ తెలియదు. ‘తర్వాత’ అంటే మాత్రం బాగా తెలుసు. కథలో రాజు వచ్చాక గుర్రం రావాలని పట్టుబట్టేది వాడే కదా. అందుకని టైమ్ పట్టుకోకుండా వరుస పట్టుకోవాలి. లేచాక బాత్రూమ్, తర్వాత పళ్లు, తర్వాత బట్టలు, తర్వాత తిండి, చివరకు జడ, షూ. ఇంట్లో లేచే వేళ ఆరైనా ఆరున్నరైనా వరుస మాత్రం మారదు. ఆదివారం కూడా ఇదే వరుస, తాపీగా.

ఈ వరుసలో స్నానం లేదని గమనించే ఉంటారు. కావాలనే తీసేశాను. ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఫస్ట్ షిఫ్టు మనిషి, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, ఆఫీసుకెళ్లే తల్లి, పూజ కోసం కాచుకున్న నానమ్మ అందరూ ఆ ముప్పావు గంటలోనే నీళ్లు పోసుకోవాలంటే గొడవ కాక ఇంకేం జరుగుతుంది? కుళాయి నీళ్లు వేళ ప్రకారం వచ్చే చోట అది మరో చిక్కు. పిల్లల స్నానాన్ని రాత్రికి జరిపితే చిక్కుల్లో సగం విడిపోతాయి. పొద్దున్న మొహం, కాళ్లూ చేతులూ కడిగితే చాలు. తలస్నానం చెయ్యకుండా వంటింట్లోకి రానివ్వని పెద్దవాళ్లున్న ఇళ్లలో దీనికి అనుమతి పుట్టించడం కష్టమే. కానీ డిసెంబరు చలిని చూపిస్తే ఒప్పుకుంటారు. ఒకసారి ఒప్పుకున్నాక మార్చిలో ఎవరూ గుర్తు చెయ్యరు.

రాత్రి స్నానానికి ఇంకో గుణం ఉంది. అమెరికాలో జోడీ మిండెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 405 మంది తల్లులు, వారి పిల్లల మీద చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు. వాళ్లు చేయమన్నది పెద్ద విశేషమేం కాదు. రోజూ పడుకోబెట్టే ముందు స్నానం, ఒంటికి కాస్త మర్దన, ఆ తర్వాత లాలిపాటలాంటి నెమ్మదైన పని ఏదైనా, అరగంటలోపు దీపం ఆర్పడం. రెండు వారాలు ఇలా చేసేసరికి పిల్లలు త్వరగా నిద్రపోయారు, మధ్యలో లేవడం తగ్గింది. తల్లుల చికాకూ తగ్గింది. మన నానమ్మలకు ఇది చదివి వినిపిస్తే ‘దీనికో సదువా’ అంటారు.

అన్నారు కూడా. మా అత్తగారిది పాలకొండ దగ్గర పల్లె. పిల్లల్ని లేపడానికి నేను పడే పాట్లు చూసి ఆవిడ ఒక్క మాటే అన్నారు: “లేపడం కాదమ్మా, పొద్దున్న లెగడం రాత్రే ఉంటాది.” ఇంతకంటే క్లుప్తంగా ఏ నిపుణుడూ చెప్పలేడు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఆరుకు లేవాల్సిన ఒకటో తరగతి పిల్ల తొమ్మిది గంటలైనా నిద్రపోవాలంటే రాత్రి తొమ్మిదికల్లా కళ్లు మూయాలి. మన ఇళ్లలో తొమ్మిదికి సగం సందర్భాల్లో కూర పొయ్యి మీద ఉంటుంది. సెకండ్ షిఫ్టు వారమైతే నాన్న పదిన్నరకు వస్తాడని పిల్లలు కాచుకుని కూర్చుంటారు. చూడముచ్చటగా ఉంటుంది. మర్నాడు పొద్దున్న ఆ ముచ్చట ఖరీదు తెలుస్తుంది. ఆ వారం నాన్న పొద్దున్న ఇంట్లోనే ఉంటాడు కాబట్టి కలుసుకోవడం అప్పటికి వాయిదా వేయడమే మేలు.

రాత్రి చేయాల్సినవి ఇంకో రెండున్నాయి, త్వరగా చెప్పేస్తాను. బ్యాగు, యూనిఫారం, సాక్సులు ఒకే చోట పెట్టడం. పిల్లాడి చేతే పెట్టించడం. మొదటిదానికంటే రెండోదే ముఖ్యం. తాను పెట్టిన సాక్సు ఎక్కడుందో వాడికి తెలుస్తుంది.

వరుసను గోడ మీద పెట్టాలనుకుంటే బొమ్మలు గీయండి. ఆరేళ్ల పాప గీసిన పళ్ల బ్రష్షు గద్దలా ఉన్నా ఫర్వాలేదు, గీసింది తానే కాబట్టి గుర్తుంటుంది. పెద్దవాళ్ల ఎత్తున కాకుండా పిల్లల కంటి ఎత్తున అంటించాలి. బొమ్మ కింద తెలుగులో ఒక్కో మాట రాయొచ్చు: ‘పళ్లు’, ‘జడ’, ‘అటుకులు’. తెలుగు అక్షరాలు వేరే ఎక్కడా కనిపించని ఊళ్లో రోజుకు ఐదు మాటలు కంటపడటం చిన్న విషయం కాదు. ఆ తర్వాత ‘పళ్లు తోముకో’ అనే బదులు ‘ఇప్పుడేమిటి?’ అంటే చాలు. వెళ్లి చూసి చెప్తారు. చెప్పడం అంటే తెలుగులో ఒక మాట నోటి నుంచి రావడమే.

పళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. మూడేళ్ల లోపు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠానీ గింజంత చాలు. టీవీ ప్రకటనల్లో బ్రష్షు పొడవునా వేసే ఆ అల పేస్టు అమ్ముకోవడానికి. ఆరేళ్లొచ్చినా పళ్లు వాళ్లే శుభ్రంగా తోముకోగలరని అనుకోవద్దు. మొదట వాళ్లు, చివర ఒకసారి మనం.

ఇక మూడు షిఫ్టుల నాన్న. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడుతున్నారు. ప్లాంటు మనిషి ఉన్న ఇంట్లో దీనికి ఒక తయారుగా ఉన్న సమాధానం దొరుకుతుంది: ‘డ్యూటీ ఉంది కదా’. నిజమే, ఉంది. కానీ మూడు డ్యూటీల్లో ఒక్కటే పొద్దున్న ఇంట్లో ఉండనివ్వనిది. మిగతా రెండింటి మాటేమిటి?

మా ఇంట్లో చేసుకున్న ఏర్పాటు చెప్తాను, నచ్చితే వాడుకోవచ్చు. ఒక్కో షిఫ్టుకు ఒక్కో పని. ఫస్ట్ షిఫ్టు వారంలో ఆయన పిల్లలు లేవకముందే వెళ్లిపోతారు కాబట్టి రాత్రి స్నానం, పడుకోబెట్టడం ఆయనవి. సెకండ్ షిఫ్టు వారం పొద్దుటి గంట మొత్తం ఆయనదే. ఆ వారం నేను కాపీ పంపాల్సిన పనులు పొద్దున్నే పెట్టుకుంటాను, వంటింటి వైపు చూడను. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన మనిషికి మాత్రం ఒకే ఒక్క పని: పిల్లలకు షూ వేయించి సందు చివరి ఆటో దాకా నడిచి వెళ్లి ఎక్కించి రావడం. బండి మీద కాదు, నడిచే. రాత్రంతా మేలుకున్నవాడి వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. తిరిగొచ్చాక కిటికీ తెరలు వేసి పడుకుంటారు. క్యాలెండర్లో షిఫ్టుకు ఒక రంగు పెట్టాం. ఈ రోజు జడ ఎవరు వేస్తారో రంగు చూసి పాపే చెబుతుంది. జడ అంటే నాన్న వేసేది రబ్బరు బ్యాండులో దూర్చిన గుర్రపు తోకే అనుకోండి. బడి నుంచి ఇంతవరకూ ఫిర్యాదు రాలేదు.

ఎంఏ రాజనీతి శాస్త్రంలో మాక్స్ వెబర్ చెప్పిన మూడు రకాల అధికారాల గురించి పరీక్ష రాసినవాళ్లకు ఈ ఇల్లు తెలిసినట్టే ఉంటుంది. నానమ్మది సంప్రదాయం ఇచ్చిన అధికారం, ఆవిడ చెప్తే ప్రశ్న లేదు. నాన్నది ఆకర్షణ వల్ల వచ్చినది. రెండు వారాలకోసారి కనిపిస్తాడు కాబట్టి ఏం చెప్పినా పండగే. తల్లికి మిగిలేది నియమ నిబంధనల అధికారం, అంటే గుమాస్తా గిరీ. గోడ మీద వరుస అంటించాక ఆ గుమాస్తా గిరీ గోడకు బదిలీ అయింది. నాకు పదవీ విరమణ. దీనికి వెబర్ సిద్ధాంతంలో చోటుందో లేదో మరి.

ఈ ఏర్పాటు పర్మినెంటు ఉద్యోగం ఉన్న ఇంటిదని మాత్రం మరచిపోకూడదు. నెల డ్యూటీ చార్టు ముందే చేతిలో ఉంటే క్యాలెండర్‌కు రంగులు వేయొచ్చు. అదే ప్లాంటులో కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషికి రేపటి డ్యూటీ సంగతి ఇవాళ సాయంత్రం తెలుస్తుంది. ఒక్కోసారి డబుల్ డ్యూటీ పడుతుంది. అతని భార్య పొద్దున్నే సెక్టర్లలో నాలుగు ఇళ్ల పనికి బయల్దేరుతుంది. వేరే వాళ్ల పిల్లల టిఫిన్ డబ్బా సర్దే చేతులవి. ఇక్కడ తన పిల్లాడికి చొక్కా బొత్తాలు పెట్టేది తొమ్మిదేళ్ల అక్క. పొద్దుటి క్రమం గురించి రాసే మనలాంటివాళ్లం ఆ తొమ్మిదేళ్ల పిల్లను తల్లిగా లెక్కేసి ఊరుకుంటాం. ఆ ఇంటికి పనికొచ్చే సలహా ఒకటుంది, అది ఆ ఇంటికి ఇవ్వాల్సింది కాదు: సెక్టర్లలో పని చేయించుకునేవాళ్లు ఆమెను ఆరున్నరకు కాకుండా ఎనిమిదికి రమ్మనొచ్చు. అంట్లు గంటన్నర ఆగుతాయి.

తిండి దగ్గర ఎక్కువ గొడవ ఏ ఇంట్లోనైనా. ‘ఏం తింటావు?’ అని పొద్దున్నే అడగడం అంటే గొడవను పిలిచి కూర్చోబెట్టడమే. వారానికి వరుస పెట్టేస్తే అడగక్కర్లేదు. సోమవారం అటుకులు, మంగళవారం దోసె, బుధవారం ఉప్మా. ఇక్కడి చీలా అంటే బియ్యప్పిండి అట్టే, పిల్లలకు ఇష్టం, పులియబెట్టే పని లేదు, ఐదు నిమిషాల్లో అవుతుంది. ఎండాకాలం వస్తే ఇంకా సులువు. మా అత్తగారు రాత్రి అన్నంలో గంజి, నీళ్లు పోసి ఉంచుతారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ అదే పని చేసి బోరే బాసీ అంటుంది. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ శ్రామికులకు గౌరవంగా అందరూ బాసీ తినాలని పిలుపునిచ్చారు, కలెక్టర్లు కూడా తిని ఫొటోలు దిగారు. చద్దన్నానికి ఆ మాత్రం మర్యాద దక్కడం మంచిదే. పెరుగు, ఉల్లిపాయ, కాస్త ఉప్పు. పొయ్యి వెలిగించకుండా పొద్దుటి తిండి. ఇంతకంటే సరళమైన ఏర్పాటు ఏ పుస్తకంలోనూ లేదు.

అన్నీ మన చేతిలో ఉన్నట్టు మాట్లాడటమూ తప్పే. బడి ఏడున్నరకు పెట్టి, పిల్లలకు నిద్ర చాలడం లేదని తల్లిదండ్రుల్ని అంటే ఏం లాభం? చిన్న పిల్లల బడి ఇంత పొద్దున్నే ఎందుకన్న ప్రశ్న ఇప్పుడిప్పుడే అధికారంలో ఉన్నవాళ్ల నోట వినిపిస్తోంది. 2023 డిసెంబరులో అప్పటి మహారాష్ట్ర గవర్నరు రమేశ్ బైస్ ఆ మాట అన్నారు (ఆయన రాయ్‌పూర్ మనిషే, ఏడుసార్లు అక్కడి నుంచి ఎంపీ). 2024 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర ప్రభుత్వం నాలుగో తరగతి వరకూ బళ్లు తొమ్మిదికి ముందు మొదలుపెట్టవద్దని ఉత్తర్వు ఇచ్చింది. స్కూలు బస్సుల వాళ్లు రెండు ట్రిప్పులు ఎలా కుదురుతాయని అభ్యంతరం చెప్పారు. అంటే పిల్లల నిద్ర బస్సు ట్రిప్పులతో ముడిపడి ఉందన్నమాట. కాలిఫోర్నియాలో పెద్ద పిల్లల హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు తెరవరాదన్న చట్టం 2022 జూలై నుంచి అమలైంది. మన దగ్గర అదే నెలలో సుప్రీంకోర్టులో జస్టిస్ యు.యు. లలిత్ తొమ్మిదిన్నరకే విచారణ మొదలుపెట్టి, పిల్లలు ఏడింటికి బడికి వెళ్లగలిగితే జడ్జీలు, లాయర్లు తొమ్మిదికి రాలేరా అన్నారు. పెద్దలకు చురక బాగానే తగిలింది. పిల్లలు ఏడింటికి ఎందుకు వెళ్లాలని మాత్రం ఆ రోజు ఎవరూ అడిగినట్టు లేదు.

ఇదంతా అలవాటు కావడానికి ఎన్నాళ్లు? ఇరవై ఒక్క రోజులని తరచూ వినిపించే లెక్కను నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది పెద్దవాళ్లను గమనిస్తే ఒక కొత్త పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు కూడా కావచ్చని అంచనా. ఆ అధ్యయనంలో షిఫ్టుల ఇళ్లకు ఊరటనిచ్చే మాట ఒకటుంది: మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేం జరగలేదు. విశాఖ నుంచి చుట్టాలు వచ్చిన రోజు, జ్వరం రోజు, పెళ్లి రోజు వరుస తప్పుతుంది. మర్నాడు మళ్లీ అందుకోవచ్చు.

పిల్లలు తమంతట తాము పళ్లు తోముకుంటున్న ఆ నాలుగు నిమిషాల్లో ఏం మాట్లాడాలన్నది మీ ఇష్టం. మా బాబుకు ఇప్పుడు రైళ్ల పిచ్చి. దుర్గ్ నుంచి పొద్దున్నే బయల్దేరి విశాఖ వెళ్లే వందే భారత్ 2024 సెప్టెంబరులో మొదలైంది కదా, దాన్లో డ్రైవర్ ఎన్నింటికి లేస్తాడు, వాడికి జడ ఎవరు వేస్తారు అని అడుగుతాడు. సగం హిందీ, సగం తెలుగు. ‘ఉఠ్‌తాడు’ అంటాడు. ‘లేస్తాడు’ అని దిద్దకుండా జవాబులో ఆ మాట వాడితే చాలు, వారంలో వాడి నోటికి వస్తుంది.

ఇక ఏప్రిల్ దగ్గర పడితే ఇక్కడ ఎండలు నలభై దాటుతాయి, బడి వేళలు ఇంకా ముందుకు జరుగుతాయి. అప్పుడు చాలామంది చేసే పని వరుసలోంచి ఏదో ఒకటి కోసేయడం, సాధారణంగా తిండి. వరుసను ముట్టుకోవద్దు. ఉత్తర్వు కోసం చూడకుండా మార్చి చివరి వారం నుంచే రాత్రి భోజనం, స్నానం, నిద్ర మూడింటినీ రోజుకు ఐదారు నిమిషాల చొప్పున ముందుకు లాగండి. పది రోజుల్లో దాదాపు గంట కలిసొస్తుంది. పొద్దుటి తిండికి చద్దన్నం ఎలాగూ ఉంది.